పాత కొసలకు కొత్త పోగు

నా భార్య పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. వనపర్తి దవాఖానలో, డయాలసిస్ బెడ్ మీద, మిషన్ పెట్టి గంట కూడా కాకముందే గుండె ఆగింది. నేను బయట బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నర్సు తలుపు దగ్గర నిలబడి "సార్, జర లోపలికి రండి" అంది. ఆ గొంతుతోనే తెలిసిపోయింది. అయినా చేతిలో ఉన్న పేపరు చివరి జవాబు దాకా చదివి, మార్కులు వేసి, పెన్నుకు మూత పెట్టి లేచాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు.

ఆమెకు నలభై నాలుగేళ్లు. కిడ్నీలు పనిచేయడం మానేసి మూడేళ్లయింది. మా కాలేజీ పత్రికలో ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆమెది కంప్యూటర్ పని. అందులో నాకు సగమే అర్థమయ్యేది. ఆ సగమే రాస్తాను. మిగతా సగం అడుగుదామంటే మనిషి లేదు.

ఆమె పుట్టిల్లు గద్వాల. నేత ఇల్లు. మా మామ ఇప్పటికీ గుంత మగ్గం మీదే కూర్చుంటాడు. ఆమె ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు కంపెనీలో చేరింది. పెళ్లయ్యాక ఇంటి నుంచే పని చేసింది. అప్పుడు నాకు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం. అక్కడి అద్దె ఇంట్లో ఒక ఆదివారం, నువ్వు చేసే పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. బీరువాలోంచి వాళ్ల నాన్న నేసిన చీర ఒకటి తీసి మంచం మీద పరిచింది.

"సారూ, ఇటు చూడు. మా నాయన పొద్దుందాక ఎన్ని మూరలు నేసిండు? గది మెట్రిక్. గీ ఒక్క పోగు ఏడికెల్లి బయలెల్లింది, ఎన్నిసార్లు మర్లింది, ఏడ తెగింది? గది ట్రేస్."

"మరి నువ్వేం చేస్తవు?"

"గా రెండు ముచ్చట్లు బయటికి పంపుత. ప్రోగ్రాము లోపల ఏమైతుందో బయట కూసున్నోడికి తెల్వాలె గద."

ఇరవై ఏళ్లు కావస్తున్నా దానికంటే నాకు బాగా ఎవరూ చెప్పలేదు. కాలేజీలో జూనియర్ లెక్చరర్లు సారు అని పిలిస్తే మామూలుగానే ఉంటుంది. ఆమె సారూ అంటే అందులో కొంత వెక్కిరింపు ఉండేది.

చివరి రెండేళ్లు ఆమె ఒకే పని మీద ఉంది. ప్రోగ్రాముల లోపలి సంగతులు బయటికి పంపే ఆ సరుకును లైబ్రరీ అంటారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. ఎక్కడెక్కడివాళ్లో వాడుతున్నారు. అందులో ట్రేసులు పంపే భాగం ఒకరు రాశారట. కొన్నేళ్లకు మరొకరు దాన్ని చూసి రాసుకుని మెట్రిక్కులు పంపే భాగం చేశారట. ఆ తర్వాత ఒకదాంట్లో తప్పు దొరికితే ఒకదాన్నే బాగు చేసేవాళ్లు. రెండోదాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. చివరికి తేడా ఎక్కడొచ్చిందంటే, ప్రోగ్రాము ఆగిపోయేటప్పుడు ట్రేసుల భాగం తన దగ్గర మిగిలినవన్నీ పంపి ఆగుతుంది. మెట్రిక్కుల భాగం ఉన్నపళంగా ఆగుతుంది. ఆ చివరి నిమిషపు సంగతి ఎవరికీ చేరదు.

"మిషన్ ఎందుకు బందైందో చెప్పేది గా ఆఖరి నిమిషమే. గదే పోతుంది" అనేది. "ఆపే ముందట చేతిలున్నది పంపాలె."

ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. ఊరెళ్లే ముందు కుండలో నీళ్లు తులసి చెట్టుకు, బకెట్లో నీళ్లు జామచెట్టుకు పోసేది. నేను బయట స్కూటర్ మీద హారన్ కొడుతుండేవాణ్ణి. ఫోన్ పెట్టేసే ముందు "ఇగ పెడ్తున్న" అని మూడుసార్లు చెప్పేది. మధ్యలో కట్ అయితే మళ్లీ చేసి, ఆ మాట చెప్పి పెట్టేది.

కంపెనీలో ఆమె పై అధికారి, ఒక మేడం, ఆ రెండు భాగాలూ తీసిపారేసి కొత్తగా రాద్దామంది. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఇంట్లో నాకు కారణం చెప్పింది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయాక చివరి చీరను మొదలంటా కోయరు. కొంత పోగు, పోగులు దూరే దువ్వెన లాంటి అచ్చులోనే వదిలి కోస్తారు. ఆ పాత కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ మెలేసి అతుకుతారు. వేల పోగులు. తర్వాత మెల్లగా గుంజితే పాతదాని దారినే కొత్తది అచ్చులోకి వస్తుంది. అచ్చును ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి నింపడమంటే వాళ్లింట్లో తెలివితక్కువ పని.

"కొసలు ఉండంగ అచ్చు ఇప్పుతరా ఎవరన్న?" అంది. మేడానికి కూడా అదే చెప్పిందట. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, సరే అంది.

కాబట్టి రెండు భాగాలనూ పంపేది ఒకటయ్యేలా, ఒక్కొక్క ముక్కా మార్చేది. వాడేవాళ్లు పిలిచే పాత పేరు అక్కడే ఉంచి, దాని వెనక కొత్తది అతికించేది. వాడేవాళ్లకు ఏమీ తెలియకూడదు. ఏమీ తెగకూడదు. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు బెడ్ మీద ఉండేది. ఎడమ చేతికి సూదులు, ఆ చెయ్యి కదపకూడదు. పొట్ట మీద దిండు, దిండు మీద లాప్‌టాప్, కుడి చేత్తో టైపు చేసేది.

"అక్కా, ఒంటిచేత్తోని ఏం గొడ్తున్నవు అంతసేపు?" అని నర్సు అడిగింది ఒకసారి.

"నీ మిషన్ నా రక్తం కడుగుతుంది. నేను దీన్ని కడుగుతున్న. ఎవరిది ముందుగాల అయితదో చూద్దాం."

నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలో ఉన్నది పందెమని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. డాక్టరు అంతకుముందు వారమే నన్ను పక్కకు పిలిచి, గుండె బలహీనపడిందని చెప్పాడు. ఆమె అది నా మొహంలో చదివేసింది. ఈ పని అయిపోవాలి, అంతే, అంది.

అన్నీ సవ్యంగా చేసిందని కాదు. ఉత్సాహంలో ఒక తప్పు చేసింది. పంపడం రెండింటికీ ఒకటే కదా అని ట్రేసులనూ మెట్రిక్కులనూ ఒకే వరసలో పెట్టింది. ట్రేసులు మూటగా నిండాక బయటికి వెళ్తాయట. మెట్రిక్కులు నిమిషానికొకసారి గడియారం ప్రకారం వెళ్లాలట. ఒకే వరసలో పెట్టేసరికి గడియారం ప్రకారం వెళ్లాల్సినవి మూట నిండేదాకా ఆగిపోయాయి. మూడు వారాల పని పాడైంది. ఆ సంగతి బయటపడిన రోజునే మా మామ ఆమెను చూడడానికి గద్వాల నుంచి దవాఖానకు వచ్చాడు. ఆయనకు కంప్యూటర్ ముట్టుకోవడమంటేనే భయం. కూతురు చెప్పిందంతా విన్నాడు.

"అంటే నూలు, పట్టు రెండిటిని ఒక్క తీరుగ గుంజినవా బిడ్డా?"

"గుంజిన నాయనా."

"మరి ముడతలు రాక ఏమైతది? నేసేటప్పుడు బాగనే కనవడ్తది. నీళ్లల్ల పెట్టినంక తెలుస్తది."

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒకే మగ్గం మీద, వేరు వేరు బిగువుతో నడవాలి. పుట్టినప్పటి నుంచి చూసిన సంగతే తాను మరిచిపోయిందని ఆమె తలకొట్టుకుంది.

"ఇప్పుడేం జేస్తవు?" అన్నాడు మామ.

"ఏం జేస్త, ఇప్పుత."

"ఇప్పు. ఇప్పేది గూడ పనే."

ఆయన చాయ్ తాగి బస్సుకు వెళ్లిపోయాడు. ఆమె ఒంటిచేత్తో విప్పడం మొదలుపెట్టింది. పంపే చెయ్యి ఒకటే ఉంచి, దేని బిగువు దానికి ఇచ్చింది.

ఇప్పుడు నేను చేసింది రాయాలి. రాయకపోతే ఈ కాగితాలకు అర్థం లేదు.

ఆ చలికాలంలో మిషన్ మీద ఉండగా రెండుసార్లు బీపీ పడిపోయి స్పృహ తప్పింది. రెండోసారి లాప్‌టాప్ జారి కింద పడబోతే నేనే పట్టుకున్నాను. ఆ మరునాడు ఆమెకు చెప్పకుండా మేడానికి ఫోన్ చేశాను.

"మేడం, ఆమెతో కావడం లేదు. ఆ పని వేరేవాళ్లకు ఇవ్వండి."

"తను అడగమందా సార్?"

"లేదు. నేనే అడుగుతున్నా."

ఆమె సరేనంది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని మా ఆవిడకు కబురొచ్చింది. ఆమె లాప్‌టాప్ మూసి బీరువా మీద పెట్టింది. నన్ను ఏమీ అడగలేదు. నేను గెలిచాననుకున్నాను.

పదిహేను రోజులు. బెడ్ మీద పడుకుని మిషన్ మీద మారే అంకెలను చూస్తుండేది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది. అన్నం రెండు ముద్దలు. నేను పక్కన కూర్చుని ఏదో చదివి వినిపించేవాణ్ణి. వింటున్నట్టే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం అటు తిరిగే అడిగింది.

"సారూ, ఫోన్ చేసింది నువ్వేనా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. "నేనే" అన్నాను.

"మా ఇంట్ల చీర మగ్గం మీద ఉండంగ మనిషిని లేపరు."

గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీకోసమే చేసిన" అన్నాను.

"నాకు తెల్వదా? నీకు పరేషాన్ తక్కువ గావాలని చేసినవు. గది నాకోసం గాదు."

లేచి వరండాలోకి వెళ్లాను. మేడానికి ఫోన్ చేసి, ఆ పని ఆమెకే తిరిగి ఇవ్వమన్నాను. ఇప్పటికే వేరేవాళ్లు మొదలుపెట్టి ఉంటే ఏమని అడగాలో కూడా ఆలోచించుకోలేదు.

"ఎవరికీ ఇవ్వలేదు సార్. ఎక్కడిదక్కడే ఉంచాం" అంది ఆమె.

లోపలికొచ్చి బీరువా మీది లాప్‌టాప్ దించి, దుమ్ము తుడిచి, మంచం మీద పెట్టాను. ఆమె ఇటు తిరిగింది. "చార్జర్?" అంది. అంతే. క్షమించానని ఆమె అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి దవాఖానలో లాప్‌టాప్ జారకుండా పట్టుకోవడం నా పనైంది. కోడ్ నాకు తెలియదు. అంచు పట్టుకుని కూర్చునేవాణ్ణి. అంత దగ్గరగా కూర్చుని ఆమె పని చూడడం, ఇన్నేళ్లలో, ఆ కొద్ది వారాలే. లోపల తప్పు దొరికినప్పుడు కింది పెదవి పంటితో పట్టుకునేది. సరయినప్పుడు కుడిచేతి బొటనవేలితో నా మణికట్టు మీద ఒకసారి తట్టేది. చివర్లో చాలాసార్లు తట్టింది.

ఆ మంగళవారం దవాఖానకు పోయేటప్పుడు ఆటోలో ఆమె నాతో అన్నది ఒకటే మాట. "చెప్పులు ఎండల విడిచినం, లోపల పెట్టకపోతివి." నేను అవునన్నాను. లాప్‌టాప్ ఆ రోజు తెచ్చుకోలేదు. ఎందుకు తేలేదని నేను అడగలేదు. అలసిందేమో అనుకున్నాను. అది చాలా రోజులు నన్ను తినేసింది. పని మిగిలిందో, చెప్పాల్సింది మిగిలిందో, చేతిలో ఏమి ఉండగా ఆగిపోయిందో.

దినాలు అయిన మూడో రోజు మేడం ఫోన్ చేసింది. పోవడానికి ముందు శనివారం నాడే మా ఆవిడ చివరి భాగం పంపిందట. ఆమె పోయాక వీళ్లు దాన్ని పరీక్షించి కలిపేశారు. దాని కింద ఆమె తెలుగులో రెండు మాటలు రాసిందట. ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాసేదట. చదవనా సార్ అని అడిగి చదివింది.

"ఆపినా ఇప్పుడు ఏదీ పోవడం లేదు. రెండూ చూసుకున్నాను."

ఇంకొకటి కూడా ఉందట. పాత పేర్లను పట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు వచ్చేదాకా తీసేయకండి అని. తీసేయబోమని మేడం నాకు మాట ఇచ్చింది. ఆ మాట నాకెందుకు ఇచ్చిందో తెలియదు. తీసుకున్నాను.

పోయిన ఆదివారం గద్వాల వెళ్లాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు బస్సులో అందరూ కిటికీల్లోంచి దండం పెట్టారు. మేము కలిసి వచ్చినప్పుడల్లా ఆమె పెట్టేది, నేను చూసేవాణ్ణి. ఈసారి చూడడానికి కూడా ఏమీ లేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో మగ్గం ఆగి ఉంది. కూతురు పోయిన వారానికే పడుగు అయిపోయిందట. చివరి చీర కోసి పెట్టాడు మామ. అచ్చులోంచి పాత కొసలు వేలాడుతున్నాయి. కొత్త పడుగు చాపలో చుట్టి గోడకు ఆనించి ఉంది. అతకడం ఇద్దరి పని. ఒకరు పోగులు అందించాలి, ఒకరు మెలేయాలి. సెలవులకు వచ్చినప్పుడల్లా తల్లికి అందించేది మా ఆవిడే. పక్కింటివాళ్లను పిలుస్తానంటే అత్త వద్దందట.

నేను చెప్పులు విడిచి, అచ్చుకు అవతల మా ఆవిడ కూర్చునే పీట మీద కూర్చున్నాను. అత్త నా వైపు చూసింది.

"నీకు రాదు గదయ్యా."

"అందిస్త. చెప్పు."

"పక్కనున్నదానికి పక్కనున్నదే. తొందరపడకు. ఒక్కటి తప్పితే అన్నీ తప్పుతయి."

అత్త గిన్నెలోంచి చిటికెడు బూడిద వేళ్లకు రాసుకుంది, పోగు జారకుండా. నేను మొదటి పోగు తీసి అందించాను. పాత కొసతో కలిపి ఆమె మెలేసింది. రెండోది. మూడోది. మామ గుంత గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. బస్సు వేళయ్యేసరికి వందకు కొంచెం అటూ ఇటూ అయి ఉంటాయి. లేవబోతుంటే ఒక పోగు ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. అది ఆమెకు అందించి, మెలేసేదాకా ఆగి, లేచాను.

గడప దగ్గర వెనక్కి తిరిగి చూశాను. అతికిన పోగులు ఒక వైపు బిగువుగా ఉన్నాయి. మిగతా కొసలు అచ్చులోంచి వేలాడుతూ, తలుపు సందులోంచి వచ్చే గాలికి కొద్దిగా కదులుతున్నాయి.