ఒక్కరు మిగిలినా బండి కదలదు

జక్రయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. చివరి మనిషి వచ్చి చేరేదాకా ఏ పనీ మొదలు కానివ్వడు. పెళ్లి కానీ ప్రార్థన కానీ, ఒక్కరు తక్కువైతే చాలు, చెయ్యి అడ్డం పెట్టి "ఆగండాగండి, ఇంకొకరు రావాలి" అంటాడు.

రిటైరయ్యేదాకా ఆయన ఆర్టీసీ కండక్టరు. ఒంగోలు నుంచి సింగరాయకొండ మీదుగా పోయే బస్సులో పనిచేసినన్నాళ్లూ ఆయన బండి వేళకు చేరిన రోజు పండగ రోజే. ఓసారి టంగుటూరు దాటాక పొలం గట్టు మీద ఒకావిడ కొంగు నడుముకు చుట్టుకుని పరిగెత్తుకు వస్తోంది. జక్రయ్య విజిలేసి బండి ఆపించాడు. డ్రైవరు విసుక్కున్నాడు, జనం గోల పెట్టారు. ఈయన మాత్రం ఫుట్‌బోర్డు మీద నిలబడి "నిదానంగా రామ్మా, పడతావు" అని ధైర్యం చెబుతూనే ఉన్నాడు. ఆవిడ రొప్పుతూ వచ్చి కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "బస్సుకు రాలేదయ్యా, మా గేదె ఇటుగానీ వచ్చిందేమోనని" అంది. జక్రయ్య ఏమాత్రం చిన్నబోలేదు. బస్సులోని వాళ్లందర్నీ గేదె కనిపించిందా అని అడిగి కనుక్కున్నాకే రైట్ చెప్పాడు.

చర్చిలోనూ ఇదే వరస. పాస్టరు ఇమ్మానియేలు గారు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకునేసరికి వెనక వరసలోంచి జక్రయ్య గొంతు వినిపించేది. "అయ్యగారూ, ఒక్క నిమిషం. మార్క్ సైకిలుకు తాళం వేస్తున్నాడు." పాస్టరు గారు కళ్లు తెరిచి, మార్క్ లోపలికి వచ్చాక మళ్లీ మూసుకునేవారు.

భార్య దేవకుమారి దగ్గర ఆయన్ని గురించి కదిలిస్తే చాలు. "మా పెళ్లికి మా మేనమామ రైలు ఆలస్యమైంది. మావాళ్లంతా కానిచ్చేద్దాం అంటున్నారు. పెళ్లికొడుకే వద్దని కూర్చున్నాడు. ఈ మనిషి సంగతి ఆ రోజే అర్థం చేసుకోవాల్సింది" అనేది. అంటూనే ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసేది.

ఇలాంటి మనిషి ముబీన్ నడిపే నెట్ సెంటర్‌లోకి ఓ ఎండాకాలం మధ్యాహ్నం వచ్చాడు. కంప్యూటర్ కోసం కాదు, ఏసీ కోసం. ఒంగోలు ఎండకు మనిషి అప్పడమైపోతున్న రోజులు. ముబీన్ మంచివాడు కాబట్టి కుర్చీ చూపించాడు. "బాబాయ్" అని కూడా పిలిచాడు. ఆ పిలుపుతో వరస ఖాయమైపోయింది. ఆ తర్వాత ఎండ తగ్గింది కానీ బాబాయ్ రాక తగ్గలేదు.

ముబీన్‌కు ఒక పిచ్చి ఉంది. 'తొమ్మిది కోటలు' అని అందరూ పిలుచుకునే ఆన్‌లైన్ ఆట. మంత్రగాళ్లు, రాక్షసులు, రెక్కల పాములు ఉండే లోకం అది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో నెట్‌లోకి వచ్చి ఒకే లోకంలో కలిసి ఆడతారు. అందులో ముబీన్ పెద్ద యోధుడు. పక్క వీధి సిమెంటు కొట్టు మాలిక్‌ను, ఇంకా అక్కడక్కడ దొరికిన వాళ్లను పోగేసి 'ఒంగోలు దండు' అని పేరు పెట్టి, దానికి తనే నాయకుడయ్యాడు.

ఓ రోజు జక్రయ్య ముబీన్ భుజం మీదుగా తెర చూశాడు. కోట వీధుల నిండా గుమ్మడికాయ దీపాలు.

"ఇదేం పండగ అబ్బాయ్?"

"కోతల పండగ బాబాయ్. కాలానికో పండగ పెడతారు. పండగకో కొత్త పాత్ర వస్తుంది. పండగైపోతే వెళ్లిపోతుంది. అదిగో, గుమ్మడికాయ తలతో ఉన్నాడే, గుమ్మడి దొర. ఈసారి కొత్తగా వచ్చాడు."

"కొత్తగా వచ్చాడా? మరి ఎవరూ పలకరించరే?"

అంతే, ఆ సాయంత్రమే జక్రయ్య ఆటలో చేరాడు. తెల్లగడ్డం మంత్రగాడి వేషం, 'ఆర్టీసీ జక్' అని పేరు. చేరీ చేరగానే గుమ్మడి దొర దగ్గరికి వెళ్లి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ "మీది ఏ ఊరండీ" అని కొట్టాడు. దొర ఆట వాళ్లు పెట్టిన బొమ్మ. వాడికి వచ్చింది ఒకటే మాట. "నా దీపం వెలిగించు."

"మర్యాద తెలీదు పాపం. కానీ పనిమంతుడు" అన్నాడు జక్రయ్య.

అప్పట్నించీ ఆయనకు ఏడాది పొడుగునా పండగలే. వసంతంలో పూలరాణి వస్తే "ఆడపిల్ల, అడవిలో ఒక్కతే నిలబడింది" అని వెళ్లి పక్కన నిలబడ్డాడు. వానల పండగకు కప్పరాజు దిగితే, చర్చిలో కొత్త కుటుంబాన్ని పరిచయం చేసినట్టు దండులో అందరికీ పరిచయం చేశాడు. కోట గుమ్మం దగ్గర బిత్తరచూపులు చూసే కొత్త ఆటగాడు కనబడితే చెయ్యి పట్టుకుని వీధి వీధీ తిప్పి చూపించేవాడు. ఒక్క రాక్షసుణ్ణి చంపిన పాపాన మాత్రం పోలేదు.

దాన్ని కూడా ముబీన్ భరించేవాడే. భరించలేకపోయింది 'చిట్టిరాణి'ని.

వానాకాలంలో జక్రయ్యే దండులోకి తెచ్చిన ఆటగత్తె ఆమె. ఎవరో, ఎక్కడుంటుందో చెప్పడు. "తెలిసినవాళ్లే" అంటాడు. ఆ చిట్టిరాణి నడిస్తే గోడకు నడుస్తుంది. ఆగితే తలుపుకు అడ్డంగా ఆగుతుంది. దండు యుద్ధానికి బయల్దేరిన ప్రతిసారీ కోట చుట్టూ ఉన్న కందకంలో పడుతుంది. అప్పుడు ఆర్టీసీ జక్ వెనక్కి పరిగెత్తుతాడు.

"ఆగండాగండి. ఇంకొకరు రావాలి."

"బాబాయ్, ఇది ఆట. సింగరాయకొండ బస్సు కాదు."

"ఆటైతే మాత్రం మనిషిని కందకంలో వదిలేసి పోతామా?"

ముబీన్ ఆమెకు 'నత్త' అని పేరు పెట్టాడు. పేరు పెట్టి ఊరుకోలేదు. "నత్తా, ఇంటికెళ్లి పాలు తాగి పడుకో" అని అందరికీ కనపడేలా రాశాడు. నత్త ఎప్పుడూ తిరిగి జవాబు చెప్పలేదు. ఏ బడిపిల్లో అయ్యుంటుందని మాలిక్ అనుమానం.

డిసెంబరులో ఆ లోకంలోకెల్లా పెద్ద పండగ వచ్చింది. మంచు పండగ. ప్రతి దండుకూ ఒక మంచుబండి ఇస్తారు. కొండ మీద ఒక గంట ఉంటుంది. ముందుగా వెళ్లి దాన్ని మోగించిన దండు పేరు కోట గుమ్మం మీద చెక్కుతారు. మంచు తాత మనవరాలు అనే కొత్త పాత్ర కొండ దిగి వచ్చి, ఏడాదంతా ఆ దండుతోనే ఉంటుంది. ముబీన్ ఎప్పట్నుంచో ఈ గెలుపు కోసం కాచుకుని ఉన్నాడు. ఏటా ఓడుతున్నాడు కూడా.

ఆదివారం మధ్యాహ్నం పోటీ. జక్రయ్య చర్చి నుంచి తెల్లచొక్కాతోనే నేరుగా వచ్చి కూర్చున్నాడు. దండు మొత్తం బండెక్కింది. ఒక్క సీటు మాత్రం ఖాళీ.

"నత్త ఏదీ?" అన్నాడు మాలిక్.

"దేవుడున్నాడు. రాలేదు. పదండి" అన్నాడు ముబీన్.

పగ్గాలు ఆర్టీసీ జక్ చేతిలో ఉన్నాయి. అదే ముబీన్ చేసిన పొరపాటు. ఎలాగూ పోట్లాడడు కదా, బండి తోలతాడులే అని ఇచ్చాడు. ఇప్పుడు బాబాయ్ రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మిగతా దండ్ల బండ్లన్నీ ఒకటొకటే దూసుకుపోతున్నాయి. మాలిక్ బతిమాలాడు. ముబీన్ కోపంతో పళ్లు కొరికాడు. జక్రయ్య సెల్‌ఫోన్ తీసి, గోడవైపు తిరిగి గుసగుసగా మాట్లాడాడు. "చెల్లెమ్మా, కరెంటు పోయిందా? వస్తుంది, కంగారుపడకు. మేం ఇక్కడే ఉన్నాం."

"ఇక్కడ మా పరువు పోతుంటే ఫోన్లేంటి బాబాయ్?"

"వచ్చేస్తున్నారంట అబ్బాయ్."

వచ్చింది. వచ్చీ రాగానే కందకంలో పడింది. జక్రయ్య దిగి వెళ్లి పైకి తీసుకొచ్చి, సీటులో కూర్చోబెట్టి, "సరిగ్గా కూర్చున్నారా" అని అడిగి, ఆమె తల ఆడించాక అప్పుడు అదిలించాడు బండిని. అప్పటికి ముబీన్ తల బల్ల మీద ఆనించేసి ఉన్నాడు.

కొండెక్కుతుంటే మలుపు మలుపుకూ వేరే దండ్ల వాళ్లు కనపడ్డారు. తొందరలో బండ్లలోంచి జారిపడ్డవాళ్లు, వాళ్లవాళ్లే వదిలేసి పోయినవాళ్లు మంచులో నిలబడి ఉన్నారు. శిఖరం చేరేసరికి అక్కడ తిరణాల. ముందు వెళ్లిన బండ్లన్నీ అక్కడే ఉన్నాయి. గంట కింద తాడు పట్టుకుని లాగుతున్నారు, గింజుకుంటున్నారు. గంట కదలదు.

మాలిక్ పక్కనున్న రాతి పలక చదివాడు. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ముబీనూ, ఈసారి కొత్త షరతు పెట్టారు. బండిలో ఎన్ని సీట్లుంటే అంతమందీ కలిసి లాగాలంట. ఒక్కరు తక్కువైనా మోగదంట."

ఏ బండి చూసినా సగం ఖాళీ. ఒక్క ఒంగోలు దండు సీట్లే నిండుగా ఉన్నాయి.

ముబీన్ బల్ల మీంచి తల ఎత్తాడు. అందరూ దిగి తాడు పట్టుకున్నారు. చిట్టిరాణి తాడు వైపు నడవబోయి గుట్ట వైపు నడిచింది. ఈసారి ముబీనే ఎదురెళ్లాడు. యోధుడి కత్తి ఒరలో పెట్టి, ముందు నడుస్తూ, "ఇటు, ఇటు, నా వెనకాలే రా. నిదానంగా. తొందరేం లేదు" అని రాస్తూ తాడు దాకా తీసుకొచ్చాడు.

లాగారు. గంట మోగింది.

నెట్ సెంటర్ దద్దరిల్లిపోయింది. పరీక్షల ఫలితాలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా, ఎవరు పాసయ్యారో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. మాలిక్ జక్రయ్యను కుర్చీతో సహా గిర్రున తిప్పాడు. తెర మీద మంచు తాత మనవరాలు ఎర్ర శాలువా కప్పుకుని మెట్లు దిగుతోంది. కోట గుమ్మం మీద ఒంగోలు పేరు బంగారు అక్షరాల్లో వెలుగుతోంది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఆ పేరును నోరు తిరగక నానా రకాలుగా రాస్తూ శుభాకాంక్షలు చెబుతున్నారు.

ఆ గోలలో చిట్టిరాణి మొట్టమొదటిసారి మాట రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టు చాలాసేపు పట్టింది.

"ముబ్బూ, అన్నం తిన్నావా"

ముబీన్ నవ్వు సగంలో ఆగిపోయింది. ముబ్బూ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. పొన్నూరులో నజ్మీన్ అక్క ఇంట్లో ఉన్న వాళ్లమ్మ జాన్‌బీ. మొన్న ఎండాకాలంలో బావి దగ్గర జారి ఆమె కాలు విరిగింది. నెట్ సెంటర్ వదల్లేక ముబీన్ ఫోన్లు చేసేవాడు కానీ వెళ్లింది తక్కువ.

తెర మీద ఇంకో వాక్యం వచ్చింది. "నత్త అన్నందుకు కోపం లేదు. పాలు కూడా తాగాను."

మాలిక్ నవ్వి నవ్వి బల్ల కిందికి జారాడు. ముబీన్ నెమ్మదిగా జక్రయ్య వైపు తిరిగాడు. "బాబాయ్."

జక్రయ్య కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "నువ్వు మందులిచ్చి పంపావు కదా, నా దగ్గర బస్సు పాసు ఉందని. వెళ్తే చెల్లెమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కట్టు విప్పినా మంచం దిగడం లేదంట. ఇక నేను నడిచేదేముంది అన్నయ్యా అంది. మీ బావ కంప్యూటర్ అక్కడే ఉంది. పోనీ ముందు ఇందులో నడువు అన్నాను. అది చూడాలంటే కుర్చీలో కూర్చోవాలి కదా. కుర్చీ కోసం మంచం దిగింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆమే వద్దంది. వాడు నలుగురిలో ఎలా మసలుతున్నాడో చూస్తాను, నేనని తెలిస్తే బుద్ధిగా ఉంటాడు అంది." జక్రయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. "నువ్వు బుద్ధిగా లేవు. అది మాత్రం నేనేం చెయ్యలేను."

మర్నాడు ముబీన్ నెట్ సెంటర్ మాలిక్‌కు అప్పగించి పొన్నూరు బస్సెక్కాడు. దారి పొడుగునా క్షమించమని ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాడు. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి మంచం ఖాళీ. జాన్‌బీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చేతికర్ర బల్లకు ఆనించి ఉంది. కళ్లు తెర మీంచి కదల్లేదు.

"అమ్మా" అన్నాడు గుమ్మంలోంచి.

"వచ్చావా నాన్నా, కూర్చో. కొండ మీంచి ఆ పిల్ల కొత్తగా దిగింది కదా, ఊరు చూపిస్తున్నా. గిన్నెలో అన్నం ఉంది, గోంగూర మాంసం ఉంది. పెట్టుకు తిను."

ముబీన్ కూర్చుకున్న మాటలన్నీ మింగేసి వంటింట్లోకి వెళ్లాడు. అన్నం పెట్టుకుని, కలుపుకుంటూ వచ్చి పక్కన కూర్చుని తెర చూశాడు. వాళ్లమ్మ గోడకు కొట్టుకోకుండా వీధి మలుపు తిరగడం చూసి నోరు తెరిచాడు.

ఆవిడ తెర చూస్తూనే ఇటుగా నోరు తెరిచింది. "నాకూ ఓ ముద్ద పెట్టరా. చేతులు ఖాళీ లేవు."