నూనెలో చూడాల్సిన ముఖం

అక్కా, మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? వదినా, బీపీ మాత్ర మానలేదు కదా?

నువ్వుల నూనె వాసనకి ఇవాళ మా మనవరాలు పుట్టినప్పటి రోజులు గుర్తొచ్చాయి. ఆకాశంలో చుట్ట చుట్టుకున్న పాములా ఉండే ఆశ్లేష నక్షత్రంలో పుట్టింది, మీకు గుర్తుందా? ఇరవయ్యేడో రోజు శాంతి చేయించి, నూనె గిన్నెలో నీడ చూశాకే తండ్రి బిడ్డ ముఖం చూడాలన్నారు.

ఈలోగా సముద్రం మీద చేపల వేటకి వెళ్తూ మా అబ్బాయి తలుపు దగ్గర ఆగాడు.

"ఒక్కసారి చూసి వెళ్తానమ్మా."

"వద్దురా, నీకు గండం."

"పసిపిల్ల కరుస్తుందా ఏంటి?" అని నవ్వుతూ వెళ్లాడు. పడవ తిరగబడి సముద్రంలోనే పోయాడు.

ఆరేళ్లప్పుడు పిల్ల, "నా ముఖం చూసినందుకే నాన్న పోయాడా మామ్మా?" అని అడిగింది. కడుపుమంటతో అవునన్నాను. వాడు దాని ముఖం చూడనే లేదు.

నేను అబద్ధమాడానని మీరెవరూ దానికి చెప్పకండి. వచ్చే ఆదివారం గూడూరులో దాని దగ్గరికి వెళ్లి నేనే చెప్తాను.