ఎడమ చానెల్ మాత్రమే

నాలుగేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఫోనులో అడిగాను, మా అక్కచేత అడిగించాను, చర్చి మెట్ల మీద అందరి ముందూ అడిగాను. మా బావగారు ఒక్కసారీ జవాబు చెప్పలేదు. పైగా చేయి చేసుకున్నానని నలుగురూ నన్నే అంటారు. మొదట కొట్టింది నేనే, కాదనను. ఎందుకు కొట్టానో మాత్రం ఇంతవరకూ ఎవరూ వినలేదు.

ఉయ్యూరులో మా చర్చి పాటల బృందానికి ఇరవై ఏళ్లు డోలక్ వాయించాను. నాలుగేళ్ల కిందట క్రిస్మస్‌కి ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం పాటలన్నీ రికార్డు చేశాం. మా అక్కా తక్కిన పాడేవాళ్ల ముందు ఒక మైకు, వెనక గోడ దగ్గర నా డోలక్ ముందు ఇంకొకటి. పాట ఎడమ చానెల్‌లోకి, డోలక్ కుడి చానెల్‌లోకి వెళ్లేలా పెట్టింది బావగారే. ఆ రోజు చేయి ఎలా ఆడిందని! మూడో పాట చివర నా ముక్తాయింపుకి పాస్టరుగారు కూడా కళ్లు తెరిచారు.

ఫైళ్లు చాలా పెద్దవి. వాటిని చిన్నవి చేసి, పండగకి వీధుల్లో తిప్పే ఆటో స్పీకరు కోసం మెమరీ కార్డులో ఎక్కించే పని బావగారు తీసుకున్నారు. పండగ వారం ఆటో మా వీధిలోకి వచ్చింది. పాట వస్తోంది, డోలక్ లేదు. చెవి ఒగ్గి వింటే, పక్కింట్లో ఎవరో కారం దంచుతున్నట్టు ఏదో చప్పుడు.

"ఏంటి మాస్టారూ, ఆ రోజు జొరమొచ్చిందా మీకు?" అని ఆటో అతను నవ్వాడు.

తిన్నగా బావగారింటికి వెళ్లాను. ఆయన లాప్‌టాప్ తెరిచి సెట్టింగులు చూపించారు. ఎంపీత్రీ. బిట్ రేటు అరవై నాలుగు. చానెల్ దగ్గర మోనో, అంటే ఒక్కటే, దాని కింద 'ఎడమ మాత్రమే' అన్నచోట టిక్కు.

"రెండూ కలపమని కూడా ఉందిగా బావగారూ, ఇదిగో, పక్కనే!"

"ఉంది. కలిపితే నీ మోత కింద మీ అక్క గొంతు నలిగిపోతోంది. దేవుడికి పాట కావాలి బామ్మర్దీ, దరువు కాదు."

"అసలు ఫైళ్లు ఉన్నాయా?"

"ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? కచేరీ పెడతావా?"

మూతి మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం కీబోర్డు మీద పడింది. మళ్లీ కొట్టాను. ఆయన నా కాలరు పట్టుకుని తల బీరువాకేసి బాదారు.

"చంపుకోండి ఇద్దరూ, పీడా పోద్ది!" అని అక్క అరుస్తూనే ఉంది.

ఆయన నన్ను గుమ్మం బయటికి గెంటారు. ఫైళ్లు ఆ లాప్‌టాప్‌లోనే ఉంటాయేమోనని నేను మళ్లీ లోపలికి వెళ్లబోతూ, కుడిచేత్తో తలుపు చట్రం పట్టుకున్నాను. ఇనప తలుపు. బలమంతా పెట్టి వేశారు. ఎముకలు విరిగిన చప్పుడు మాత్రం నాకు రెండు చెవుల్లోనూ వినిపించింది.

విజయవాడలో రెండు ఆపరేషన్లయ్యాయి. రెండు వేళ్లు ఇప్పటికీ మడత పడవు. డోలక్ అటక మీద ఉంది.

ఇరవై ఏళ్లలో నా వాయింపు రికార్డయింది ఆ ఒక్క మధ్యాహ్నమే. అది ఇప్పుడు ఆ కుడి చానెల్‌లో తప్ప నా చేతిలో లేదు. క్షమాపణ మీరు చెప్పొద్దు, నేనూ చెప్పను. అసలు ఫైళ్లు ఉంచారా, చెరిపేశారా? ఒక్క మాట చాలు. చెప్పండి బావగారూ.