పదకొండు సంతకాల నవల

కత్తి, తాడు, పురుగుల మందు ఏవీ లేకుండా, ఉత్త పదకొండు సంతకాలతో ఒక నవలని పుట్టకముందే చంపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. జంషెడ్‌పూర్ వచ్చి, బర్మామైన్స్ సందుల్లో ఎవరినడిగినా నా ఇల్లు చూపిస్తారు. నవ్వుతూ చూపిస్తారు, అదొక్కటే బాధ.

ఏడాది కిందటి మాట. అప్పటికే నేను స్వతంత్ర రచయితని. అంటే నా పుస్తకం నేనే రాసి, నేనే అచ్చు వేయించి, నేనే సంచిలో మోసుకు తిరిగి, చివరికి నేనే చదువుకునేవాణ్ణన్నమాట. పగలు ఒక కాంట్రాక్టరు దగ్గర ప్లానింగ్ పని. ఉక్కు ప్లాంటు కొలిమి మరమ్మతులో ఏ రోజు ఏ బోల్టు ఊడదీయాలో చార్టు గీసేవాణ్ణి.

నా మొదటి నవలలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. హోమగుండం రాజుకున్నాక, నిప్పు ఆర్పే ఏర్పాటేదని పెళ్ళి ఆపేస్తాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు లబలబలాడినా, ఇసక వచ్చేదాకా వినడు. ఆ అధ్యాయానికి మా వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, నా భార్య రమణమ్మకి అన్నగారైన సూర్యనారాయణ బావ. ప్లాంటులో సేఫ్టీ సూపర్‌వైజరు. ఆ పెళ్ళి మా చుట్టాలదే, ఆపినవాడు ఆయనే. గుర్తుపట్టకుండా నేను మార్చిందల్లా మీసం.

అంతే, బావ బిర్సానగర్ నుంచి మా గుమ్మంలోకి రావడం మానేశాడు. అంతకు ముందు ప్రతి ఆదివారం భోజనం మా ఇంట్లోనే. రమణమ్మ నన్నేమీ అనలేదు. ఆదివారం పూట ఆయన కంచం కడిగి, కొంచెం గట్టిగా బోర్లించేది. ఆ చప్పుడే అనాల్సిందంతా అనేది.

డిసెంబరు చివర నేను రాబోయే ఏడాదికి పథకం వేశాను. గోడకి సరిపడే చార్టు. ఏప్రిల్ దాకా కొత్త నవల రాయడం, మేలో దిద్దడం, జూన్‌లో అచ్చు, వర్షాల్లో అమ్మకం, దసరా పూజ సెలవుల్లో పది కథలు. ఎర్ర గీతలు, పచ్చ గీతలు. మా అమ్మాయి స్వాతి చూసి, "పాపా, యే నావెల్ హై యా బ్లాస్ట్ ఫర్నేస్?" అని, ఇది నవలా ఉక్కు కొలిమా అన్నట్టు హిందీలో అడిగి చక్కా పోయింది.

రమణమ్మ చార్టు మీద వేలు పెట్టింది. "ఇందులో మా అన్నయ్య ఏ నెల్లో వత్తాడు?"

"అది పుస్తకాల చార్టు."

"ఇంకో పుస్తకం రాత్తే ఇంకో సుట్టం పోతాడు. నాకేటి అన్నదమ్ములు గంపెడు మంది ఉన్నారనుకున్నారా? అన్నయ్య ఈ ఇంట్లో అన్నం తినేదాకా మీరు కలం ముట్టుకుంటే, నాను గరిటె ముట్టుకోను."

అప్పుడు నేను ఆలోచించాను. అక్కడే కొంప మునిగింది.

ప్లాంటులో ప్రమాదమున్న ఏ పనికైనా ముందు ఒక కాగితం పుట్టాలి. పనేమిటి, ప్రమాదమేమిటి, తీసుకునే జాగ్రత్తలేమిటి అని రాసి, సంబంధించిన వాళ్ళందరి చేత సంతకాలు చేయిస్తేగాని స్పానర్ ముట్టుకోకూడదు. దాన్ని పర్మిట్ అంటారు. బావకి దేవుడి తరవాత పర్మిటే. నవలకి కూడా పర్మిట్ తీసుకుని చూపిస్తే ఆయన మనసు కరగదా? బిష్టుపూర్ బజారుకి వెళ్ళి ఫారాలు కొట్టించుకొచ్చాను. పని: నవల. ప్రమాదం: మనుషులకి కోపం. జాగ్రత్తలు: కింద రాయవలెను.

కథ మాత్రం భేషైనది. కుళాయి దగ్గర తగాదాపడి విడిపోయిన రెండిళ్ళు, వాటి మధ్య ఒక ప్రేమ, మధ్యలో ఒక తాగుబోతు. ఫారం నింపడం రచన కిందికి రాదు గనక కథ క్లుప్తంగా అందులో రాసుకుని, ఎవరి పోలికలు వాడుకుంటున్నానో వాళ్ళ దగ్గరికల్లా బయల్దేరాను.

మొదట పక్కింటి కాంతమ్మ పిన్ని.

"ఇదేటి నాయినా, నాను కుళాయి కాడ తగువాడతానా?"

"కథలో పిన్నీ."

"కతలో అయినా నాకేటి కర్మ. నా బిందె పక్కకి తీసీసి, 'ముందు నువ్వు పట్టుకో తల్లీ' అన్నానని రాయి. అప్పుడు పెడతాను సంతకం."

రాశాను.

"ఇంకోటి. మా పెద్దదానికి సమ్మందాలు సూత్తన్నాం. బీయస్సీ సదివింది, పొడుగు మనిషి, అప్పడాలు బాగా ఒత్తుతాది. అదీ రాసీ."

"నవల్లోనా?"

"నలుగురూ సదూతారు కదా."

నా పాఠకుల లెక్క ఆవిడకెలా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

తరవాత డేనియల్ మేస్టారు. బడిలో నాకు పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు తెలుగు చర్చిలో పెద్ద. నా తాగుబోతుకి ఆయన తమ్ముడి పోలికలున్నాయి.

"వీడు మూడో అధ్యాయానికల్లా మారిపోవాలి బాబూ."

"కథంతా వాడు తాగడం మీదే నడుస్తుంది మేస్టారూ."

"అయితే అసలు మొదలే పెట్టనీకు. మారే శ్రమ తప్పుతుంది" అని కళ్ళజోడు సర్దుకుని సంతకం చేశారు.

ఇలా రెండు వారాలు తిరిగాను. అబ్బాయి తరఫువాళ్ళు ఉద్యోగం రాకముందు ప్రేమ కుదరదన్నారు. అమ్మాయి తరఫువాళ్ళు పెద్దలు చూసుకున్నాకే ప్రేమ అన్నారు. దాంతో నా ప్రేమికులు మొదటిసారి నిశ్చితార్థంలో కలుసుకున్నారు. దుర్మార్గుడిగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోకపోతే నన్నే పెట్టుకున్నాను. దానికి రమణమ్మ సంతకం కావాలి. "మా ఆయన ఎదవని నానే రాసిచ్చీనా?" అని కాగితం తోసేసింది. దాంతో దుర్మార్గుడూ పోయాడు. ఆఖరికి కథలో కదలిక కోసం ఒక కుక్క చేత కరిపించాను. కుక్కగలాయన టీకా కాగితం పట్టుకొచ్చి, కరవడం తీయించి మరీ సంతకం పెట్టాడు.

పదకొండు సంతకాలూ అయ్యాయి. అంతా కట్టగట్టి, "బావా, ఈ ఏడాది నవల. ఎవరికీ ఏ హానీ లేదు. ఇందులో నువ్వు లేవు" అని చీటీ జతచేసి బిర్సానగర్ పంపించాను.

ఆదివారం మధ్యాహ్నం స్కూటరు ఆగింది. బావ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మొదటి కాగితం నుంచి చదవడం మొదలెట్టాడు. రమణమ్మ వంటింటి గుమ్మంలో కంచం పట్టుకుని బొమ్మలా నిలబడింది.

"ఎత్తు మీద పని ఏటైనా ఉందా?" అన్నాడు బావ, తలెత్తకుండా.

"లేదు బావా."

"గ్యాసు? కరెంటు?"

"ఏమీ లేదు."

"కొట్లాట?"

"తీసేశాను."

"మరిందులో ప్రమాదం ఏటుంది?"

"ఎక్కడా లేదు బావా" అన్నాను, ఛాతీ విరుచుకుని.

బావ కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రగీత కొట్టాడు. "రద్దు. ప్రమాదం లేని పనికి పర్మిట్ ఏటి బావా? ఎవడైనా మంచమెక్కి తొంగోడానికి పర్మిట్ అడుగుతాడా? నా సర్వీసులో ఇంత పనికిరాని పని నాను సూడలేదు."

ఇంత నిక్కచ్చిగా నా నవలని ఏ విమర్శకుడూ తూచలేదు. రమణమ్మే ధైర్యం చేసింది.

"అది పోనీ అన్నయ్యా. ఆ పాత పుస్తకం మీద నీకు కోపం పోనట్టేనా?"

"నన్ను రాసినాడని కోపమేటి? రాయనీ. పెళ్ళి ఆపినాను, మల్లీ ఆపుతాను." గొంతు తగ్గించాడు. "ఆ పుస్తకంలో రెండు బకెట్ల ఇసక తెచ్చినాక ఒప్పీసుకున్నానని రాసినాడు. నాను నాలుగు పెట్టించినాను. మూలకొకటి. రెండు బకెట్లకి సరేనన్నానని మా డిపార్ట్‌మెంట్‌లో సదివినోలు నన్నేటనుకుంటారు? సొంత బావ నా ఇజ్జత్ తీసీసినాడు."

రమణమ్మ కంచం కింద పెట్టి, అన్నం వడ్డించి, నా వైపు చూసింది. "నాలుగని రాసిత్తారు" అంది. బావ చెయ్యి కడుక్కున్నాడు.

మాటిచ్చాక తప్పుతుందా? అమ్ముడుపోని ప్రతులన్నిటికీ, అంటే దాదాపు అన్నిటికీ, ఒక్కొక్కటే చీటీ అంటించాను. అమ్ముడైన వాటి కోసం ఇల్లిల్లూ తిరిగాను. "రెండు బకెట్లు అని ఉన్నచోట నాలుగు అని చదువుకోవలెను." ఏడాదంతా గోడకి వేలాడిన ఆ మహా పథకంలో నేను రాసి, దిద్ది, అచ్చు వేయించి పంచిన సమస్త సాహిత్యమూ ఆ ఒక్క వాక్యమే.

కాబట్టి పాఠక మహాశయులారా, కొత్త ఏడాది చార్టు ముందు నిలబడి, కుడి చెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషిని కథలోకి లాగినా ఆ మనిషి అనుమతి అడగను, అడగను, ముమ్మాటికీ అడగను. బకెట్లు ఎన్నో మాత్రం అడుగుతాను.