తాళంచెవి అక్కర్లేదన్న సార్

మొన్న ఉదయం తొమ్మిదింటికి మా కంప్యూటర్ సార్ నాతో ఫోన్లో మాట్లాడారు. పదకొండింటికి పుత్తూరు నుంచి ఆయన కోడలు ఫోన్ చేసి, సార్ పోయారని చెప్పింది. టీ తాగి గ్లాసు కింద పెడుతూ పక్కకు ఒరిగిపోయారట. "లేదక్కా, పొద్దున్నే కదా మాట్లాడినారు!" అని ఆమెతో వాదనకు దిగాను. ఫోన్ పెట్టేశాక కూడా, తొమ్మిది గంటల కాల్ చూపించి నేను పనిచేసే ఫ్యాక్టరీలో పక్కనున్నవాళ్లను ఒప్పించబోయాను.

పాలిటెక్నిక్‌లో ఆయన మాకు పాఠాలు చెప్పారు. నా అసలు చదువు మాత్రం ఆయన రిటైరయ్యాకే మొదలైంది. సూళ్లూరుపేటలో నేనుండే హాస్టల్లో అందరికీ ఒకటే వైఫై. ఏ అమ్మాయి ఏ సైట్లు చూస్తోందో ఒకరోజు భోజనాల దగ్గర యజమాని నవ్వుతూ చెప్పాడు. కంచం వదిలేసి లేచాను. సార్‌కు ఫోన్ చేశాను.

ఆ ఆదివారమే పాత ల్యాప్‌టాప్ ఒకటి సంచిలో పెట్టుకుని, బస్సెక్కి నగరిలోని మా ఇంటికి వచ్చారు. దాన్నే సర్వర్‌గా మార్చి, నాకంటూ ఒక వీపీఎన్ పెట్టించారు. తాను కీబోర్డు ముట్టలేదు. మరమగ్గాల చప్పుడులో ఒక్కో కమాండూ అరిచి చెబుతుంటే నేను కొట్టాను.

"ఇదేం చేస్తాది సార్?" అని నాయన అడిగాడు.

"మీ పాప యాడున్నా, ఫోన్లో చూసేదంతా మూటగట్టినట్టు ముందు ఈ ఇంటికొస్తాది. ఈడ్నుంచే బయటికి పోతాది. దారిలో ఎవురికీ కనపడదు."

"అట్లయితే మా పాప దినామూ ఇంటికొచ్చినట్టే" అన్నాడు నాయన. సార్ చాలాసేపు నవ్వారు.

హాస్టల్‌కు వెళ్లాక, భద్రత పెంచుదామని సర్వర్‌లోకి వచ్చే దారులన్నీ మూసేశాను. నేను వెళ్లాల్సిన దారి కూడా. "తలుపేసి తాళంచెవి లోపలే పెట్టినావు కదమ్మా!" అని సార్ అన్నారే తప్ప, తిట్టలేదు. ఆ దారి తెరవడానికి మళ్లీ నగరి బస్సెక్కారు.

అంతా కుదురుకున్నాక, సర్వర్‌లోకి రావడానికి తనకున్న అనుమతి తీసేయమన్నారు.

"మీరుంటేనే ధైర్యం సార్" అన్నాను.

"పనైపోయినాక గురువైనా బయటే ఉండాల. నీ ఇంటి తాళంచెవి నాకెందుకు? తీసెయ్యమ్మా."

అనుమతుల జాబితాలో ఆయన పేరున్న ఆ ఒక్క వరుసను చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. చెరిపేదాకా ఆయన ఫోన్ పెట్టలేదు.

మొన్న పొద్దున అడిగింది కూడా ఒకటే: "బ్యాకప్ తీసినావా?" సాయంత్రం తీస్తానన్నాను.

పుత్తూరులో వాళ్లింటికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. సార్ భార్య, అమ్మగారు, ఆయన ఫోన్ నా చేతిలో పెట్టారు. "దీని లాకు తెరుచుకోలేదమ్మా. పిల్లోళ్ల ఫొటోలన్నీ దీంట్లోనే ఉండాయి. నీకు నేర్పించినాడు కదా, సూడు."

చూశాను. "నా వల్ల కాదమ్మా" అన్నాను. ఆమె ఫోన్ వెనక్కి తీసుకోలేదు.

అంతలో తెర వెలిగింది. ఎవరో పాత విద్యార్థి మెసేజ్. "సార్, ఏదో అంటున్నారు, నిజమా?" ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. "సార్, ఒక్కసారి ఫోన్ తీయండి."