ఎర్ర గీత దాకా నీళ్లు

మా చిన్న మావ పోయాడు. మధ్యాహ్నం భోంచేసి, అరుగు మీద పడవ ఇంజిను పక్కనే మంచం వేసుకుని కళ్లు మూసుకున్నాడట. ఇంజిను ఆపేశాక అలా పడుకుని దాని జబ్బేమిటో ఆలోచించడం ఆయన అలవాటు. అందుకని అత్త గంటసేపు గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగింది. అంత మర్యాద అందుకుని వెళ్లిపోయిన మనిషిని మా తీరంలో నేనెరగను.

శ్రీకూర్మం దాటాక సముద్రపు ఒడ్డున ఉంటుంది మావ ఊరు. వేటపడవల ఇంజిన్లకు సుస్తీ చేస్తే ఆయన ఇంటికే మోసుకొచ్చేవారు. ఇంజినును చెక్కదిమ్మకు బిగించి, పంకా ఉండే దాని కాలు నీళ్ల డ్రమ్ములో ముంచి నడిపేవాడు. నీళ్లు చాలకపోతే ఇంజిను మాడిపోతుందని డ్రమ్ము లోపల ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. నిజానికి ఆ డ్రమ్ము అత్త తన స్నానాల గది కోసం కొనుక్కున్నది. వారం రోజులకని అడిగి ఇరవై ఏళ్లు వాడుకున్నాడు మహానుభావుడు.

రెండు సిలిండర్ల ఇంజిను కుంటుతూ నడుస్తోందంటే, రెండిట్లో ఒకటి పని ఎగ్గొడుతోందన్నమాట. మావ షాకు కొట్టకుండా పాత రబ్బరు చెప్పు ముక్కతో పట్టుకుని, నడుస్తున్న ఇంజిను ప్లగ్గుల మీది టోపీలు ఒక్కొక్కటే పీకేవాడు. పీకగానే ఇంజిను నీరసపడితే ఆ సిలిండరు బుద్ధిమంతురాలు. పీకినా తేడా లేకపోతే అదే దొంగ. ఆ సమయంలో ఎవరు నోరు విప్పినా, "ఉండెహే, అది మాటాడతన్నాది" అనేవాడు. ఊరి పెద్దలు సైతం ఇంజిను ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు.

దొంగ దొరికాక కూడా కొత్త ప్లగ్గు వేసేవాడు కాదు. పై ప్లగ్గు కిందికి, కిందిది పైకి మార్చేవాడు. జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్తే ప్లగ్గుదే తప్పు. ఉన్నచోటే ఉండిపోతే చోటుదే తప్పు.

ఈ వైద్యం నాకూ జరిగింది. ఇంజినీరింగు రెండో ఏడాది నేను నాలుగు సబ్జెక్టులు తప్పి వచ్చినప్పుడు, ఇక చదువు మాన్పించాలని నాన్న తీర్మానించాడు. మావ మా హాస్టలుకు వచ్చి, నలుగురు పేకాడుతున్న నా గదిని కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత నాన్నకు ఫోన్ చేశాడు.

"బావా, ప్లగ్గు పారీకు. ముందు సోటు మార్సి సూద్దాం."

ఆ తర్వాత రెండేళ్లూ మావ ఇంటి నుంచే కాలేజీకి బస్సులో తిరిగాను. ఇంజిను ఆగినప్పుడల్లా ఆ అరుగు మీదే చదివాను. మెకానికల్ డిగ్రీ వచ్చింది. ఆ డిగ్రీ అంటే మావకు అపారమైన గౌరవం. అందుకే నా చేతికి ఏనాడూ స్పానరు ఇవ్వలేదు.

ఆయన పోయిన మూడో రోజు పక్కింటి పెద్దాయన పరామర్శకు వచ్చాడు. అరుగు మీద కుంటుతూ మిగిలిపోయిన ఇంజిను ఆయనదే. నాలుగు రోజుల్లో వేట నిషేధం తీరిపోతుంది. రెండు నెలలు ఆగిన పడవలన్నీ ఒక్కసారి నీళ్లలోకి దిగితే, ఒడ్డున మిగిలేది ఆయనదొక్కటే. పాపం, ఆయన ఏమీ అడగలేదు. ఇంజిను వైపు చూడకుండా ఉండడానికి మాత్రం చాలా కష్టపడ్డాడు. ఆయన వెళ్లగానే అత్త స్పానరు తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ మావ ఆ మనిసికి మాటిచ్చీసాడు. సూడు."

మైల ఇంట్లో ఇంజిను మోతేమిటని ఒక పెద్దమ్మ అడ్డుపడింది. "ఆయనున్నన్నాళ్లూ ఏనాడాగింది గనక" అంది అత్త.

పట్టభద్రుణ్ణి కదా, నేరుగా కార్బురేటరు విప్పి, కడిగి, బిగించాను. ఇంజిను కుంటింది. రెండు సిలిండర్లకూ అది ఒక్కటే కదా, ఒకటే కుంటుతుంటే దాన్ని విప్పడమెందుకని ఆ రాత్రి అన్నం తింటుంటే తట్టింది. మర్నాడు ఆయిలు పైపు మార్చాను. ఇంకా శ్రద్ధగా కుంటింది. ఆ మర్నాడు ఫోన్ తీసి రిపేరు వీడియోలు ఒక్కొక్కటే పెట్టి వింటుంటే అత్త గుమ్మంలోంచి చూసింది.

"ఏటిరా ఆ గోల? ముందు దాన్ని మాటాడనీ."

ఫోన్ పక్కన పెట్టి, ఇంజిను నడిపి, రబ్బరు చెప్పు ముక్క అందుకున్నాను. పై టోపీ పీకాను. ఇంజిను ఆగిపోబోయింది. దాన్ని తగిలించి కిందిది పీకాను. ఏ తేడా లేదు. ఇంజిను ఆపి, ప్లగ్గులు అటుదిటు మార్చి మళ్లీ చూశాను. అప్పుడూ కిందిదే దొంగ. అంటే చోటుదే తప్పు. కింది టోపీ విప్పి చూస్తే, లోపల వైరు కొస ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి ఉంది. చిలుము ఉన్నంత మేర కత్తిరించి, టోపీ బిగించి స్టార్టు తాడు లాగాను.

రెండు సిలిండర్లూ ఒకే గొంతుతో పలికాయి. పక్కింటి పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చి నిలబడ్డాడు. నా ప్రతిభ గురించి రెండు ముక్కలు చెబుదామని నోరు తెరిచాను. అత్త చెయ్యెత్తి ఆపింది. ముగ్గురం అలాగే వింటూ ఉండిపోయాం.

పెద్దాయన పడవ అందరి పడవలతో పాటే వేటకు దిగింది. ఆ ఉదయం నేను డ్రమ్మును సబ్బుతో రుద్ది, ఇరవై ఏళ్ల జిడ్డు వదలగొట్టి, ఘనంగా అత్త స్నానాల గదిలో పెట్టాను. సాయంత్రానికి అది మళ్లీ అరుగు మీద, దిమ్మ పక్కన ఉంది. లోపల నీళ్లు, సరిగ్గా ఎర్ర గీత దాకా.