రుక్కమ్మ పట్టిన గుట్ట ఎలుకలు

తాండూరు చుట్టుపక్కల కంది చేలల్లో ఎలుకల బెడద పుట్టిందంటే రైతులకు ముందు గుర్తొచ్చేది రుక్కమ్మ. కలుగులన్నీ మట్టితో మూసి, ఒకదానికి వల కట్టి, ఇంకోదాంట్లో పొగకుండ పెట్టి ఊదిందంటే లోపలున్న పిల్లా పెద్దా వలలో పడాల్సిందే. పట్టిన ఎలుకలే ఆ ఇంట కూర. ఆ పనిలో ఆమెకు కాస్త పొగరుండేది. ఉంటే తప్పేముంది?

మొగుడు మత్తయ్య నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. బండ జారి రెండు కాళ్లూ నుజ్జయ్యాక మంచానికే అతుక్కుపోయాడు. గని యజమాని రాధాకిషన్ సేటు ఒక్కసారి తొంగి చూసిన పాపాన పోలేదు. పైగా గని తవ్వుకుంటూ వచ్చి వాళ్ల గుడిసెను అప్పటికే ఒకసారి లేపేశాడు. కొత్త గుడిసె గుట్ట కింద వేసుకున్నారు. 1978లో ఆ పెద్దమనిషి కన్ను గుట్ట మీదా పడింది. మళ్లీ లేపితే కాళ్లులేని మనిషితో ఎక్కడికి పోవాలో రుక్కమ్మకు పాలుపోలేదు.

ఆ ఏడే వానలు వెనకబట్టాక హైదరాబాదు నుంచి అజమత్ అనే ఆఫీసరు జీపులో దిగాడు. రాళ్ల నెర్రెల్లో ఉండే ఒకరకం ఎలుక, పొడుగు తోక, తెల్ల పొట్టది, ఇంకా మిగిలుందో అంతరించిపోయిందో తేల్చడం ఆయన పని. వికారాబాదు గుట్టలన్నీ గాలించి, ఒక్కటీ దొరక్క ఇక్కడికొచ్చాడు. రుక్కమ్మ దాన్ని ఎరుగును గానీ, పిడికెడు మాంసం లేని ఎలుక జోలికి ఎన్నడూ పోలేదు.

"పట్టి నాకియ్యి రుక్కమ్మా. చెవికి గుర్తువెట్టి ఇడుస్త. చలికాలం పోయినంక మళ్ల పట్టి చూస్తే ఎన్ని బతికున్నయో తెలుస్తది," అన్నాడు.

"బతికుంటె ఏమైతది సాబ్?"

"గీ గుట్టను ముట్టొద్దని పైకి రాస్త. నా మాట ఇంటరు."

గుట్టను ముట్టరంటే గుడిసెనూ ముట్టరు. రుక్కమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన తెచ్చిన చెక్కపెట్టెలను మొదట పడ్డ ఎలుకలు కొరికి పారిపోయాయి. "నా బుట్టల్ల పెడ్త సాబ్. ఒక్కటి పోతె నన్నడుగు," అంది రుక్కమ్మ. గుట్టంతా పొగ పెట్టింది. ఒక్క నెర్రె వదల్లేదు. తెల్లారి బుట్టలు చూసి అజమత్ నోరు వెళ్లబెట్టాడు.

"అరె, ఒక్క పుల్ల సుత కొరకలే!"

"ఇంక కొరకయి సాబ్," అంది రుక్కమ్మ గర్వంగా.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. తోకలు కొలిచాడు, చెవికొసన గాటు పెట్టాడు. మూతుల మీది నెత్తురు వల గీరుకుని వచ్చిందనుకున్నాడు. అన్నిటినీ నెర్రెల్లోకి వదిలి, ఖుషీగా జీపెక్కాడు.

చలికాలం పోయాక వచ్చి చూస్తే గుట్ట మీద అలికిడి లేదు. ఎంత పొగ పెట్టినా వల ఖాళీ. చివరికి ఒక బండ కింద ఎండిన ఎలుక దొరికింది, ఎముకలకు తోలు అంటుకుని. చెవికి ఆయన పెట్టిన గాటుంది. నోరు తెరిచి చూస్తే ముందు పళ్లు చిగుళ్ల దాకా విరిగి ఉన్నాయి.

"గిదేంది?"

"బుట్ట కొరకకుండ ఇరిచిన సాబ్. ఎలుకలు పట్టెటోళ్లమందరం గట్లనే ఇరుస్తం. పొద్దుగూకంగ కూరొండుకునేదానికి పండ్లెందుకు?"

"ఇవి కూరకు గాదు రుక్కమ్మా. బతకాల్సినయి."

అప్పుడర్థమైంది ఆమెకు. పళ్లు లేక, గింజ నమల్లేక, తన చేతుల్లో పడ్డ ప్రతి ఎలుకా ఆకలికి మాడి చచ్చింది. ఆయన కాళ్ల మీద పడింది. "జర ఇంకోపాలి ఎతుకుదం సాబ్. ఒక్కటన్న దొరుకుతది," అని ఏడ్చింది. అజమత్ ఆమెను తిట్టలేదు. ఈ గుట్ట మీద ఆ ఎలుక లేదని రాసుకుని వెళ్లిపోయాడు.

సేటు మనుషులు గడ్డపారలతో వచ్చారు. మత్తయ్యను మంచంతో సహా తోపుడు బండి మీదికెక్కించి, రుక్కమ్మే తోసింది. జరిగింది అతనికి చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. దారిపొడవునా అతను ఆఫీసరును బండబూతులు తిట్టాడు.

"వాడు ఏం ఎతికిండే? నిన్ను మళ్ల పట్టమంటె దొరుకుతుండె," అన్నాడు మత్తయ్య, మెడ తిప్పి ఆమె వంక చూస్తూ. "నీ చేతిల పడ్డ ఎలుక ఎన్నడన్న తప్పించుకున్నదా?"

"లేదు," అంది రుక్కమ్మ, బండి తోస్తూ.